ఎద్దు ముట్టె తుడిచిన మేధావి

చెమట తుడిచి చదువు పోగొట్టుకున్న ఘనుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, ఎదురుగానే ఉన్నాను. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, తమిళనాట మా ధర్మపురి సంతలో, అంతమంది కళ్ళెదుట నేను చేసిన నిర్వాకం చెబుతాను. జాలి మాత్రం పడకండి, ఆ వెధవ అందుకు తగడు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. ఎస్సెస్సెల్సీ ప్యాసయ్యాను. పశువులు కాసే మా ఇంట్లో పుస్తకం పట్టిన మొదటివాణ్ణి కాబట్టి కాళ్ళు నేల మీద ఆనేవి కావు. బొమ్మిడిలో రైలెక్కి సేలం కాలేజీకి పోవాలని నా పట్టు. మా నాయన ఒకటే మాటన్నాడు.

"మన తెల్లెద్దును సంతలో అమ్ముకోని రా. అది చేతనైతే సేలం పో. చేతగాకుంటే మడక పట్టి చేను దున్ను."

ఎద్దునమ్మడం ఒక పనా అనుకున్నాను. చెమట పాఠం చదివినవాణ్ణి కదా! చర్మం కింద చుట్టలు చుట్టుకున్న సన్నని గొట్టాలుంటాయట, ఒళ్ళు వేడెక్కితే చెమట వాటిలోంచి పైకొస్తుందట, అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుందట. అయ్యవారు ఈ చివరి ముక్క చెబుతున్నప్పుడు నేను కునుకు తీస్తున్నాను. నాకు మిగిలిందల్లా చెమట మురికి, దాన్ని తుడవాలి అన్నదే.

సంతలో చూద్దును కదా, మా ఎద్దు ముట్టె నిండా, అంటే ముక్కు చివరి నల్లటి తోలు నిండా చెమట బొట్లు. కొనేవాడు ఏమనుకుంటాడని తువ్వాలుతో తుడిచాను. మళ్ళీ ఊరింది. మళ్ళీ తుడిచాను. ఆ ఎద్దు నన్ను చూసిన చూపులో ఉన్నపాటి తెలివి నా తలకాయలో లేదు. చివరికి, మంచి జరగాలని అమ్మ కట్టిచ్చిన విభూతి పొట్లం విప్పి ముట్టెకు దట్టంగా పులిమి, కాసేపాగి దులిపాను. అప్పటికి ఆరింది.

మారండహళ్ళి నుంచి మునెప్ప అనే పెద్ద రైతు వచ్చాడు. మా భాషవాడే. పళ్ళు చూశాడు, మూపురం తట్టాడు, బాగుందన్నట్టు తలూపాడు. నేను మనసులో రైలెక్కేశాను. అప్పుడాయన ముట్టె మీద చెయ్యి పెట్టాడు.

"ఏమబ్బోడా, ముట్టె ఎండిపోయిండాది. జ్వరమా?"

"జ్వరం లేదు మామా. నేనే తుడిచినాను."

"ముట్టె తుడిచేవాడు ఏ ఊర్లో ఉండాడు? బాగుండే ఎద్దుకు ముట్టె ఎప్పుడూ తడిగా ఉంటాది. ఎందుకు తుడిచినావు?"

"చెమట మురికి గదా మామా. చర్మం కింద గొట్టాలు..."

"సుమ్మనుండు. ఎద్దులో గొట్టాలంట," అని నా నోరు మూయించాడు.

అంతలో విభూతి నషాళానికెక్కి, ఎద్దు ఆయన తెల్లచొక్కా మీద భేషుగ్గా చీదింది.

"జలుబు గూడా ఉండాది," అన్నాడు మునెప్ప. జనం మూగారు. జ్వరమెద్దు వచ్చిందన్న మాట సంతంతా పాకింది.

"రవ్వంతసేపు ఉండు మామా, మళ్ళీ చెమట పడతాది," అని బతిమాలాను.

ఎద్దుకు పట్టలేదు, నాకు పట్టింది. నుదురు, మెడ, అరచేతులు, ముక్కు కొన, అన్నీ కారిపోయాయి. భయానికి కూడా చెమట పడుతుందని అదే పాఠంలో ఉందట. ఆ పేజీ కూడా నిద్రలోనే పోయింది.

మునెప్ప నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఎద్దు ముట్టె ఎండింది, నీ ముక్కు తడిగా ఉండాది. ఇద్దరిలో బాగుండేది నువ్వే. మీ నాయన ఒప్పుకుంటే నిన్నే తోలుకోని పోతా."

సంతంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటిదారి పట్టామో లేదో దాని ముట్టె మళ్ళీ చెమర్చింది, నా మీద కక్ష ఉన్నట్టు. జరిగింది విని నాయన దాని ముట్టె తాకాడు, నా మొహం చూశాడు.

"ఎద్దు ఉండిపోయినాది. తోలేదానికి మనిషి గావాల," అన్నాడు.

సేలం రైలు నేను లేకుండానే పోయింది. మడక పట్టిన మొదటి రోజు, ఒళ్ళంతా చెమటై గాలి తగిలేసరికి హాయిగా చల్లబడింది. నేను నిద్రపోయిన ముక్క అప్పుడర్థమైంది.

కనుక ఆ తెల్లెద్దు మీద ఒట్టు. ఈ జన్మలో మరే ప్రాణి ముక్కూ తుడవను. నా మనవడు చీమిడి ముక్కుతో ఒళ్ళోకొచ్చినా సరే, "తడిగానే ఉండాది, బిడ్డ బాగుండాడు," అని వాళ్ళమ్మకు అప్పజెబుతాను.