మా బావి గిలకా, మిస్త్రీ లైటూ

మా ఐసు ఫ్యాక్టరీ మిస్త్రీ మొన్న మంగళవారం పొద్దున కాలం చేశాడు. ఆ కబురు తెచ్చిన అతని బావమరిది చెప్పాల్సిన రెండు మాటలూ చెప్పి, జేబులోంచి తెల్ల పింగాణీ ఫ్యూజు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"మా బావ చొక్కాలో ఉంది పెద్దమ్మా. జొరంలో కూడా ఇదే కలవరింత. ఫ్యూజు ఇచ్చి రమ్మని మా అక్క ప్రాణం తీశాడు."

ఆదివారం లైటు తుడవడానికని ఫ్యూజు ఊడదీసి, అలవాటు ప్రకారం జేబులో వేసుకున్నాడు. అంతలో వణుకు పుట్టి ఇంటికి పోయాడు. జబ్బుమనిషిని ఫ్యూజు అడగడం బాగుండదని మేం రెండు రోజులూ లాంతర్లతో నెట్టుకొచ్చాం. ఇనప దూలాల మీద పాతికేళ్ళు బతికిన మనిషి చివరికి మూరెడు ఎత్తు నులకమంచం మీద పోయాడు. తెలిస్తే సంతోషించేవాడు. కింద పడి చచ్చేవాడు మిస్త్రీ కాదని అతని లెక్క.

చదివేవాళ్ళలో ఐసు ఫ్యాక్టరీ లోపల చూసినవాళ్ళు తక్కువ కాబట్టి కాస్త చెప్పాలి. నరసరావుపేట ఎండకి వెరచి మా షెడ్డుకి కిటికీలు పెట్టలేదు. లోపల పట్టపగలే చీకటి. నేలంతా ఒకటే తొట్టి, దాని నిండా ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో ఐసు గడ్డకట్టే రేకు డబ్బాలు, వాటి మీద వరసగా చెక్క మూతలు. మనుషులు నడిచేదీ, పనిచేసేదీ ఆ మూతల మీదే. అవి ఎప్పుడూ తడిసి జారుతుంటాయి. పైన ఇరవై అడుగుల ఎత్తున దూలానికి ఒకే ఒక పెద్ద లైటు. అది ఆరిందంటే ఏ మూత తెరిచి ఉందో కనిపించదు, మనిషి తిన్నగా ఉప్పునీళ్ళలోకి దిగుతాడు.

యుద్ధం రోజుల్లో, నడివేసవిలో, ఆ లైటు పోయింది. డాక్టరుగారు జొరాలవాళ్ళకి ఐసు కావాలని మనిషి మీద మనిషిని పంపుతున్నాడు, సోడా కొట్లవాళ్ళు గేటు దగ్గర అరుస్తున్నారు. బల్బులు దొరకని కాలం. మా పెద్దవాడు గుంటూరంతా తిరిగి ఒక్కటి తెచ్చాడు. తెచ్చి, నిచ్చెన వేసి ఎక్కమన్నాడు.

మిస్త్రీ మూతల మీద బొటనవేలు రాసి చూశాడు. "నిచ్చెన కాలు నేల మీద ఉండాలయ్యా, నీళ్ళ మీద కాదు. నేనెక్కను. ఇంకెవర్నీ ఎక్కనియ్యను."

"మరి లైటు ఎట్టా మారుద్ది?"

"మనం దాని దగ్గరికి పోవడం కాదు, అదే మన దగ్గరికి రావాల. ఒక గిలకా, మోకూ ఇప్పించండి. దించుకుంటా, ఎక్కించుకుంటా."

"ఇనుము మొత్తం యుద్ధానికి పోతుంటే గిలక ఎక్కడ దొరుకుద్ది?"

మిస్త్రీ నా వైపు చూశాడు. "పెద్దమ్మగారి బావి మీద ఉంది గదా."

నా గిలక నా పుట్టింటివాళ్ళు పెట్టింది. అరవకుండా తిరిగే గిలక మా వీధి మొత్తానికీ అదొక్కటే. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే ఊరుకోవచ్చు గదా, నోరున్నందుకు ఒక మాట కూడా వేశాను. "ఏం మిస్త్రీ, గడ్డం నెరిసింది గానీ గుండె ఇంకా పెరగలేదే?"

"పెరిగితే బరువెక్కుద్ది పెద్దమ్మా. బరువైందే గదా కింద పడేది," అన్నాడు.

మావాడికి ఒళ్ళు మండింది. "సాయంత్రానికి లైటు వెలక్కపోతే రేపట్నించి నువ్వు రానక్కర్లేదు," అని, తనే నిచ్చెన తెప్పించాడు. నేను ఆపలేదు. తల్లి గిలక ఇవ్వదు, మిస్త్రీ ఎక్కడు, ఇక వాడేం చేస్తాడు?

మిస్త్రీ గోడ దగ్గరికి పోయి ఫ్యూజు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత ఐసు పొదిగే ఊక బస్తాలు ఒక్కొక్కటీ మోసుకొచ్చి నిచ్చెన చుట్టూ పరవడం మొదలుపెట్టాడు. ఉద్యోగం పోతున్న మనిషి చేసే పనేనా అది? నేను నవ్వాను కూడా.

ఇద్దరు కూలీలు నిచ్చెన పట్టుకున్నారు. మావాడు పైకి చేరి, బల్బు చేతిలోకి తీసుకున్నాడో లేదో, కింద మూత ఒక జానెడు జరిగింది. నిచ్చెన పోయింది. వాడు ఒక చేత్తో లైటు హోల్డరు పట్టుకుని, రెండో చెయ్యి దూలానికి వేసి వేలాడాడు. గుంటూరు బల్బు నా కాళ్ళ దగ్గర పగిలింది. నా నోట మాట రాలేదు. నన్నెరిగినవాళ్ళు దీన్ని నమ్మరు.

"కిందికి చూడబాకయ్యా," అన్నాడు మిస్త్రీ, బస్తాలు గుట్టగా పేరుస్తూ. "ఇంటికిపోతే మీ అమ్మగారు ఏం తిడతారో తలుచుకో, చెయ్యి దానంతటదే బిగుసుద్ది. ఆ... ఇప్పుడు వదిలెయ్."

వాడు ఊకలోకి పడ్డాడు. చీలమండ బెణికింది, అంతే. అప్పుడు చూశాం గోడ వైపు. పైన బల్బు పెట్టంగానే వెలుగుతుందో లేదో చూద్దామని మా గుమాస్తా అప్పటికే స్విచ్చి వేసి ఉంచాడు. మిస్త్రీ జేబు తడుముకుని, ఫ్యూజు బయటికి తీసి మాకు చూపించి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను కొంచెం తేలికపడేదాన్ని.

ఆ సాయంత్రం నా బావి గిలక నేనే ఊడదీయించాను.

మర్నాడు అతను పైకప్పు రేకు ఒకటి విప్పి, నడుముకి మోకు కట్టుకుని, దూలం మీద పాక్కుంటూ పోయి గిలక బిగించాడు. లైటు దిగేది తొట్టి మధ్యకి కాదు, అంచున పొడిగా ఉండే గట్టు మీదికి. "ఎక్కనన్నావుగా?" అన్నాను కింద నుంచి.

"ఈ ఒక్కసారికే పెద్దమ్మా. ఇప్పుడు నేను ఎక్కితే ఇంక ఎప్పుడూ ఎవరూ ఎక్కే పని లేదు."

ఇంకో బల్బు దొరికిందాకా, నాలుగు రోజులు, ఖాళీ హోల్డరునే దించి ఎక్కించి మురిసిపోయాడు. నేను మాత్రం కొత్త గిలక దొరికిందాకా, ఆరు నెలలు, నీళ్ళు చేత్తో చేదాను. నా అరిచేతులు చూపించి సాధించని రోజు లేదు. అతను శ్రద్ధగా చూసి, "ఇంకా కాయలు కాయలేదే," అనేవాడు.

ఉప్పు ఆవిరికి లైటు గొడుగు వారానికే మసకబారుతుంది. దాన్ని తుడిచే పని నేను పెట్టుకున్నాను. ఎందుకని అతను అడగలేదు. ఫ్యూజు జేబులో వేసుకుని, మోకు వదులుతూ ఉంటే, లైటు పెళ్ళికూతురులా నెమ్మదిగా దిగివచ్చేది. మోకుకి ఒకచోట ఎర్రగుడ్డ ముడేసి ఉండేది. ఆ ముడి గోడకున్న కొక్కేనికి తగలగానే లైటు నా గుండెల దగ్గర ఆగేది. మెడ ఎత్తనక్కర్లేదు, నడుం వంచనక్కర్లేదు. నాకు అంత సరిగ్గా అందేది కాబట్టి, ముడి అక్కడే ఎందుకు వేశాడన్న ఆలోచన ఇన్నేళ్ళలో నాకు రానేలేదు.

బావమరిది వెళ్ళాక మావాడూ నేనూ షెడ్డుకి పోయాం. ఆదివారం అతను దించిన లైటు దించినట్టే ఉంది. నా మోకాళ్ళ నొప్పులు చూసి మావాడే గుడ్డ అందుకున్నాడు. వాడు ఆరడుగులు. గొడుగు కింద చూడ్డానికి సగానికి వంగాల్సి వచ్చింది.

"ఇంత కిందికి ఎందుకు పెట్టాడే అమ్మా? ఎవరికి అందాలని?" అని, నడుం పట్టుకుని నా వైపు చూశాడు. చూసి, మళ్ళీ లైటు వైపు చూశాడు.

ముడి విప్పుతాడేమో అనుకున్నాను. విప్పలేదు. మళ్ళీ వంగి, తుడవడం మొదలుపెట్టాడు. నేను ఫ్యూజు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను.