వరదనాడు కలిపిన మూడు లైన్లు

పొద్దున్న ఫోనుకి వాన హెచ్చరిక వచ్చింది. కింద రెవెన్యూ, నీటిపారుదల, పోలీసు, పురపాలక శాఖల పేర్లు వరసగా ఉన్నాయి. కోడలు చదివి వినిపించి కాఫీ కలపడానికి వెళ్ళిపోయింది గాని, అన్ని శాఖలూ ఒక్క గొంతుతో మాట్లాడాయా అనుకుంటూ నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అరవైల చివర్లో, నాగావళి ఒడ్డునున్న ఒక చిన్న పట్టణంలో నేను టెలిఫోన్ ఆపరేటరుని. మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఫోనెత్తి మాకు చెబితే, మేం బోర్డు మీద తీగ గుచ్చి కలపాలి. నన్ను పెంచిన మేనత్త ఏటిగట్టు పక్క వీధిలో, మట్టిగోడల ఇంట్లో ఉండేది. ఉద్యోగం వచ్చాక నాతో ఉండమంటే గేదెని వదిలి రానంది.

నాగావళికి పెద్ద వరద వచ్చిననాడు పొద్దున్నే డ్యూటీ ఎక్కాను. తహసీల్దారుగారు సముద్రపు రేవులో పడవలు సిద్ధంగా ఉన్నాయి, తేవడానికి లారీ లేదంటున్నారు. ఇంజనీరుగారు లారీ ఉంది, పైనుంచి కాగితం రావాలంటున్నారు. మునిసిపాలిటీవారికి ఏ వీధి మునుగుతోందో తెలుసు గాని వారినెవరూ అడగలేదు. ముగ్గురూ ఎవరికి వారు జిల్లా కచేరీ లైను కోసమే కాచుకుని ఉన్నారు, ఆ లైను ఎంతకీ ఖాళీ కాదు, ముగ్గురి మాటా తెలిసినదాన్ని నేనొక్కర్తెనే.

పదిగంటలప్పుడు ఏటిగట్టు వీధి చివరి రైసుమిల్లు గుమస్తా ఫోను చేశాడు. "అమ్మా, ఈదంతా నీరెక్కిపోనాది. పిల్లాజెల్లా మా మేడెక్కేసినారు, గేదె ముసిలమ్మ మాత్రం రానంతన్నాది. ఎవులికైనా సెప్పమ్మా!" ఆమె నాకేమవుతుందో అతనికి తెలియదు, నేనూ చెప్పలేదు. ఆపరేటర్లు మధ్యలో మాట్లాడకూడదన్న నియమం తెలిసీ మూడు లైన్లూ కలిపేసి, అయ్యా, ముగ్గురూ ఉన్నారు, మాట్లాడుకోండి అన్నాను. ముందు ఇంజనీరుగారే, "కాగితం సంగతి తరవాత. ఏ వీధికి పంపాలో చెప్పండి" అన్నారు.

మధ్యాహ్నానికి లారీ మీద పడవలూ, వాటితో రేవు జాలరులూ వచ్చారు. మేడ మీదివాళ్ళందరినీ దాటించారు. గుమస్తా మళ్ళీ ఫోను చేసి, "అందరూ బతికినారమ్మా. ఆ ముసిలమ్మే... పడవ రాకముందే గోడ పడిపోనాది" అన్నాడు. సరేనండీ అన్నాను. తీగ లాగి, తరవాతి కాల్ కలిపాను. నా బదులు మనిషి వచ్చేదాకా అలా కలుపుతూనే ఉన్నాను. ఏడుపు రాలేదు, ఆ తరవాతా రాలేదు.

వారం పోయాక, నియమం ఎందుకు మీరావో రాసిమ్మని మెమో వచ్చింది. వరద కాబట్టి అని రాశాను. మా అత్త మాట రాయలేదు.

ఇప్పుడక్కడ ఎత్తుగా గట్టు కట్టారు. ఎక్స్ఛేంజి లేదు, ఆ ఆఫీసర్లు బదిలీలై ఎటు పోయారో తెలియదు. మొన్న ఆ వీధికి వెళితే అన్నీ డాబాలే. ఏ ఇల్లు ఎక్కడుండేదో పోల్చుకోలేక నిలబడితే, ఒకావిడ గుమ్మంలోంచి "ఎవులి కోసమమ్మా?" అని అడిగింది. చెప్పడానికి పేరుంది గాని, ఆ పేరు తెలిసినవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ మిగల్లేదు. మంచినీళ్ళడిగి తాగి, వచ్చేశాను.