చెలమ దారిలో చిన్న డేరా

మొన్న మా మనవరాలు కొత్త డేరా ఒకటి కొనుక్కొచ్చి హాలులో విప్పింది. స్నేహితురాళ్లతో కలిసి పులికాట్ వైపు వెళ్లి రెండు రోజులు ఆరుబయట పడుకుంటుందట. చేతిసంచి అంత మూటలోంచి ఇంత గుడ్డ బయటికొచ్చింది. నాలుగు పుల్లలు గుచ్చేసరికి సోఫాకీ టీవీకీ మధ్య లేచి నిలబడింది. నేను దగ్గరికెళ్లి వాసన చూశాను. ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ లేదు. "డేరాని వాసన చూస్తావేంటి నాయనమ్మా!" అని అది పకపకా నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, ఫాను వేయగానే ఆ గుడ్డ అంచు టపటపా కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు తెలుసు. అరవై ఏళ్లు గడిచినా చెవి ఏదీ మరిచిపోదు కాబోలు. మూట మీద 'నలుగురికి' అని రాసి ఉంది. "నలుగురంటే ఎవరెవరే?" అని అడిగాను. అడిగాక గుర్తొచ్చింది, ఆ ప్రశ్న నాది కాదు. అది రూతక్కది.

రూతక్క అంటే మీకెవరికీ తెలియదు. తెలిసినవాళ్లు చాలామంది ఇప్పుడు లేరు కూడా. నెల్లూరులో నేను నర్సు చదివిన మిషన్ ఆసుపత్రి వెనక ఒక పెంకుటిల్లు ఉండేది. అందులో డేరాలు, గుంజలు, తాళ్లు, మేకులు, పెద్ద వంటపాత్రలు. వాటన్నిటికీ యజమానురాలు ఆవిడే. వానలు తగ్గాక మేం సముద్రపు ఒడ్డు పల్లెలకి వైద్యం చేయడానికి వెళ్లేవాళ్లం, ఒక్కో చోట వారం పది రోజులు. ఎక్కడికి వెళ్లినా ఆవిడ ఉండాల్సిందే. భర్త సర్వే వాళ్ల దగ్గర డేరాలు వేసే ఖలాసీ. ఆయన పోయాక ఆ పని ఈవిడ చేతికొచ్చింది. చదువు రాదు. అయినా ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచే పట్టుకునేది. ఎవరైనా నవ్వితే, "పట్టుకుంటే తప్పా? చేతులూరికే ఎందుకుండాల?" అనేది. పొడుగ్గా, బక్కగా, ఎప్పుడూ తెల్లచీర. మాట మాత్రం పచ్చిమిరపకాయ.

మొదటిసారి ఆ పెంకుటింటికి వెళ్లినప్పుడు నా వయసు ఇరవై రెండు. చీటీలో 'నలుగురికి డేరా' అని రాయించుకుని వెళ్లాను. చీటీ ఆవిడకి ఎందుకిచ్చానో! చేతిలో తిప్పి చూసి, "ఏందిది?" అంది. చెప్పాను. "నలుగురంటే ఎవరెవరు?" అంది. నలుగురంటే నలుగురే కదా అన్నాను కాస్త విసుగ్గా. "అట్టా కాదమ్మా. నలుగురు నర్సులైతే ఒక డేరా. అందులో ఒకామెకి దగ్గైతే రెండు డేరాలు. ముగ్గురు ఆడోళ్లు, ఒక మొగోడంటే రెండు డేరాలు, నడాన ఎడం. తలకాయలు లెక్కబెట్టి డేరా తీసుకుంటే గొర్రెలకి తీసుకున్నట్టు" అని ఊరుకోకుండా, "గాలెట్టా ఉండాది ఆడ?" అని ఇంకో ప్రశ్న వేసింది. గాలి సంగతి నాకేం తెలుసు? వెనక్కి పంపింది. కనుక్కుని రమ్మంది! డిప్లొమా చేతికొచ్చిన కొత్త, నాకు ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను.

కానీ ఆవిడ దగ్గర నేర్చుకోకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. చినుకు పడగానే తాళ్లు వదులు చేయాలి, తడిసిన తాడు బిగుసుకుని మేకుల్ని పీకేస్తుంది. తడిసిన గుడ్డని లోపలి నుంచి వేలితో ముట్టుకోకూడదు, ముట్టుకున్న చోటల్లా కారుతుంది. ఇసకలో మేకు నిలవదు, గోనెసంచిలో ఇసక నింపి, తాడు దానికి కట్టి పాతిపెట్టాలి. ఎండకి ఎత్తుగా, గాలికి పొట్టిగా వేయాలి. ఇవన్నీ ఆవిడ పాఠం చెప్పినట్టు చెప్పలేదు. నేను తప్పు చేసినప్పుడల్లా తిడుతూ చెప్పింది. ఒకసారి తడి డేరాని అలాగే మడిచానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నాలుగో ఏడు క్రిస్మస్‌కి ముందు, మైపాడుకి ఉత్తరాన ఒక పాళేనికి వెళ్లే పని పడింది. చేపలు పట్టుకునే వాళ్ల పాళెం, యాభై గుడిసెలకు మించవు. మా ఆసుపత్రి డాక్టరమ్మ గారు నన్ను పిలిచి, "సుగుణా, ఈసారి నువ్వే పెద్ద. అన్నీ నువ్వే చూసుకో. నాలుగో రోజు నేనొస్తా" అన్నారు. కాళ్లు నేల మీద ఆనలేదు నాకు. నేరుగా పెంకుటింటికి వెళ్లి, అన్నిటికంటే పెద్ద డేరా తీయమన్నాను. అరవై మంది కూర్చోవచ్చు అందులో. పక్కలు ఎత్తి కడితే నాలుగు వైపులా తెరిచి ఉంటుంది, దూరానికి గొప్పగా కనబడుతుంది. బండి ఒక్కటే, దానికే నిండిపోతుంది.

"వద్దమ్మా. చిన్నవి రెండు తీసుకపోదాం. కార్తీకం పొయినా గాలి పోలేదు. పైగా అది ఆడోళ్ల డేరా కాదు" అంది రూతక్క.

"డేరాల్లో ఆడవీ మగవీ ఉంటాయా అక్కా?"

"ఉంటాయి. నీకు తెలవదు."

"ఈసారి పెద్ద నేను" అన్నాను. నిజంగా అన్నాను, ఆ మాటే. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఆవిడ నన్నొక్క చూపు చూసి, బండి తోలే దావీదుని పిలిచి, పెద్ద డేరా ఎక్కించమంది.

పాళెం అంచున డేరా లేచేసరికి ఊరంతా వచ్చింది. ఊరంతా అంటే మగవాళ్లంతా. సముద్రం పోటు మీద ఉంది, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, పనీపాటా లేదు. లోపలికొచ్చి చక్కగా నీడన కూర్చుని బీడీలు ముట్టించారు. ఒకాయనకి పంటినొప్పి, ఒకాయనకి కాలిలో ముల్లు. మేం వచ్చింది కడుపుతో ఉన్న ఆడవాళ్ల కోసం. వాళ్లు దూరాన గుడిసెల చాటున నిలబడి చూస్తున్నారు. ఒకామె మాత్రం డేరా తాడు దాకా వచ్చింది. ఎనిమిది నెలలు నిండిన కడుపు, పాదాలు రొట్టెల్లా పొంగి ఉన్నాయి. లోపలున్న మగవాళ్లని చూసి కొంగు తల మీదికి లాక్కుని వెనక్కి తిరిగింది. నేను పంటినొప్పి ఆయనకి లవంగనూనె పెడుతున్నాను. ఆమె వచ్చిందీ తెలియదు, వెళ్లిందీ తెలియదు. రూతక్క చూసింది.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే, ఇసకదిబ్బ పక్కన ఇంకో డేరా కనిపించింది. చిన్నది, మాసికలు వేసింది, నిలబడితే తల తగిలేది. దాని ద్వారం చెలమ వైపు ఉంది. ఆ ఒడ్డున తాగేనీళ్లకి ఇసకలో గుంట తీసుకుంటారు, దాన్నే చెలమ అంటారు. ఊరిన నీళ్లు చిప్పతో తోడుకోవాలి, బిందె నిండడానికి అరగంట పడుతుంది. ఆ దారిన మగవాళ్లు నడవరు.

"ఇది ఎక్కడిది?" అని అరిచాను.

"బండిలో గడ్డి కింద ఉండింది."

"ఎవరు పెట్టారు? నన్నడగకుండా!"

"నువ్వు వద్దన్నది చిన్నవి రెండు. నేను తెచ్చింది ఒకటే" అంది తాడు ముడేస్తూ. "అరిచింది చాల్లే గానీ, పెట్టె తెచ్చుకోని లోపల కూర్చో. నీళ్లకి పోయే దాన్ని యాడికే అని ఎవడూ అడగడు. వస్తారు చూడు."

వచ్చారు. బిందె బయట పెట్టి, వంగి, ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. డేరాలో ముగ్గురికే చోటు, ఆ రోజు పంతొమ్మిది మందిని చూశాను. పెద్ద డేరాలో దావీదు ఒక్కడే మగవాళ్లకి కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆ పొంగిన పాదాల ఆమె వచ్చింది. పేరు పోలమ్మ. రెండు కాన్పులు పోయాయి, ఇది మూడోది. రక్తపోటు చూస్తే ఉండకూడనంత ఎక్కువ. "నిన్ననే వచ్చినా సిస్టరమ్మా, లోపల మా మామ, మా బావలు కూర్చోని ఉంటే యాడికి వచ్చేది?" అంది. అప్పుడు బయల్దేరితే దారిలోనే చీకటి పడుతుంది, తెల్లారగానే బండిలో నెల్లూరు పంపాలనుకున్నాను.

తెల్లారేసరికి గాలి లేచింది. ఈశాన్యం నుంచి వాన అడ్డంగా కొడుతోంది. కాలవ పొంగి బండి దారి మునిగిందని దావీదు వచ్చి చెప్పాడు. పొద్దెక్కేసరికి పోలమ్మకి నొప్పులు మొదలయ్యాయి. వాళ్ల గుడిసె కప్పు అప్పటికే లేచిపోయింది. ఆమెని చిన్న డేరాలోకి తెచ్చాం. అవతల పెద్ద డేరా ఊగిపోతోంది, గుంజలు కిర్రుమంటున్నాయి. అది పీక్కుని వచ్చి మా మీద పడితే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు.

"దించెయ్యమని చెప్పు" అంది రూతక్క.

నేను తటపటాయించాను. దాచిపెట్టి ఏం లాభం, నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది డాక్టరమ్మ గారు. రేపొచ్చి చూస్తే డేరా కూలి ఉంటుంది, మొదటిసారి పెద్దరికం ఇస్తే ఇదా అంటారు. నొప్పులు పడుతున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని నా పరువు గురించి ఆలోచించాను.

"పెద్ద నువ్వు గదా సుగుణమ్మా. చెప్పు" అంది మళ్లీ. అందులో ఎగతాళి లేదు. నా నోటి మాట కోసమే ఆగింది.

చెప్పాను. దావీదు పరుగెత్తాడు. రెండు రోజులుగా బీడీలు కాలుస్తూ కూర్చున్న మగవాళ్లే ఇరవై మంది వచ్చారు. తెరచాప దించడం వాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. గుంజలు విరగకుండా దించారు. రూతక్క వానలో నిలబడి కేకలు వేస్తూ, ఆ పెద్ద గుడ్డని రెండు మడతలు వేయించి, మా చిన్న డేరా మీద కప్పించింది. కానీ ఆ గాలికి అంచులు ఆగడం లేదు. పాతిపెట్టిన గోనెసంచులు తవ్వి తీసే వ్యవధి లేదు. "మీరే కూర్చోండయ్యా!" అంది. అంతే, పోలమ్మ మామ, బావలు, మొగుడు, ఊళ్లో మగవాళ్లంతా చుట్టూ ఆ గుడ్డ అంచుల మీద కూర్చున్నారు, మాకు వీపులు పెట్టి, ముఖాలు వానకిచ్చి. నాలుగు గంటలు ఒక్కరూ లేవలేదు. లోపల ఒక్క చుక్క కారలేదు. బిడ్డ పుట్టి ఏడవకపోతే, వీపు మీద తడుతూనే ఉన్నాను. చివరికి కేర్‌మంది. బయట ఎవరో ముసలాయన గట్టిగా దేవుడికి మొక్కుకోవడం వినిపించింది. మగబిడ్డ. తల్లి దక్కింది.

డాక్టరమ్మ గారు రెండు రోజులు ఆలస్యంగా, మోకాళ్ల దాకా చీర తడుపుకుంటూ వచ్చారు. పోలమ్మని చూశారు, బిడ్డని చూశారు, డేరా చుట్టూ తిరిగి చూశారు. "భేష్ సుగుణా! ఈ చిన్న డేరా కూడా తేవాలని నీకు తోచింది చూడు, అదీ బుద్ధంటే" అన్నారు. రూతక్క నా పక్కనే నిలబడి తాడు చుడుతోంది. నేను నోరు తెరిచాను. తెరిచి, "థాంక్యూ మేడమ్" అన్నాను.

ఆ తర్వాత నాకు ఎదుగుదలే గానీ వెనక్కి చూసే పని పడలేదు. ఆ రోజు మెప్పు పైవాళ్ల దాకా వెళ్లింది, నన్ను పెద్ద పదవి దాకా తీసుకెళ్లింది. రూతక్కతో ఇంకా ఎన్నో పల్లెలు తిరిగాను. ఆవిడ ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది. చాలా ఏళ్లకి, ఆవిడ మంచాన పడ్డప్పుడు, బత్తాయిలు పట్టుకుని వెళ్లి, మంచం పక్కన కూర్చుని ఏడుస్తూ చెప్పాను, ఆ రోజు నిజం చెప్పలేదక్కా అని. అప్పటికి డాక్టరమ్మ గారు కాలం చేశారు.

రూతక్క నవ్వింది. "నాకు చెప్తే ఏం లాభమే పిచ్చిదానా? నాకు తెలిసిందే గదా. తెలవనోళ్లకి చెప్పాల" అంది. ఆ తర్వాత, "బత్తాయి ఒలువు" అంది.

హాలులో డేరా ముందు మా మనవరాలు వేళ్ల మీద లెక్క చెప్పింది. తను, ఇంకో ఇద్దరు, నాలుగోది కొత్తగా చేరిన పిల్ల. ఆ పిల్ల అందరి మధ్యా పడుకోలేనంటోందట, కారులో ముడుచుకుంటానందట. "నీ సంచిలో బట్టల కింద చిన్న డేరా ఇంకోటి పెట్టుకో. ముందే ఎవరికీ చెప్పకు" అన్నాను. ఎందుకని అడిగింది. అప్పుడు చెప్పాను దానికి. ఇప్పుడు మీకూ చెబుతున్నాను, తెలియనివాళ్లంటే ఇక మీరే కాబట్టి. ఆ చిన్న డేరా తెచ్చింది నేను కాదు. రూతక్క.