వదిన చెప్పిన ఊరి జనాభా

ఈ ఉదయం ప్లేనో నుంచి మా బావగారు ఫోన్ చేశారు. బావగారంటే మా అక్క భర్త. అన్నయ్య తద్దినం దగ్గర పడుతోందంటే ఆయన ఫోన్ రావడం మామూలే. "నేను పూనుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మీ అన్నయ్య అస్థికలు ఏ గతి పట్టేవో" అన్న మాట ఏటేటా మంత్రంలా వినిపిస్తారు. ఈసారి దానికి ఇంకో ముక్క తగిలించారు. "మీ వదిన అస్థికలు కూడా గోదాట్లోనే కలిపేద్దామమ్మా. రాజమండ్రికి నేనే బుక్ చేస్తాను. ఎంతైనా మనింటి కోడలేగా!" మనింటి కోడలు! ఆ మాట ఆయన నోట రావడానికి మా వదిన చచ్చిపోవలసి వచ్చింది. శాంటా క్లారాలో మా వంటింట్లో కాఫీ పొంగి స్టవ్ మీద పడుతున్నా పట్టించుకోకుండా, "చూద్దాం బావగారూ" అని పెట్టేసి, కాగితం ముందు కూర్చున్నాను. ఆయన తెలుగులో అచ్చయ్యేది ఏదీ వదలరు. చదివి, వారాంతపు పార్టీల్లో తప్పులెంచుతూ పదిమందికీ వినిపిస్తారు. ఇది కూడా గొంతెత్తి చదువుతారనే నా ఆశ. నా కోపం ఆవకాయలాంటిదనీ, ఊరేకొద్దీ ఘాటెక్కుతుందనీ మా అమ్మ అనేది. అమ్మకి నేను బాగా తెలుసు.

మా వదినది ఫిలిప్పీన్స్. అన్నయ్య అమెరికాలో డాక్టరుగా చేరిన ఆసుపత్రిలోనే ఆమె నర్సు. ఇద్దరూ ఎలా కలిశారో అన్నయ్య ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. అడిగితే, "కాంటీన్‌లో అన్నం దొరికేది కాదు, ఆవిడ డబ్బాలో దొరికింది" అనేవాడు. పొట్టిగా, గట్టిగా ఉండేది వదిన. నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. నవ్వకపోతే మాత్రం ఎదుటివాళ్ళు కాస్త సర్దుకుని కూర్చునేవారు. అన్నయ్య నన్ను పిలవడం విని ఆమె కూడా నన్ను "చెల్లీ" అనే పిలిచేది. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో చలికోటు కొనిపెట్టిందీ, డ్రైవింగ్ నేర్పిందీ, నాకు టైఫాయిడ్ వస్తే పక్కన కూర్చుని గంజి తాగించిందీ ఆమే. ఆ గంజిలో అల్లం వేసేది. ఇప్పటికీ జ్వరం వస్తే నాకు అల్లం వాసనే గుర్తొస్తుంది.

శాన్ రామన్‌లో వాళ్ళ గృహప్రవేశం నాడు బావగారు ఆమెని మొదటిసారి చూశారు. చేతిలో పులిహోర ప్లేటుతో నిలబడి, "సో, మనీలానా?" అన్నారు. అడిగి ఊరుకోలేదు. అన్నయ్య వైపు తిరిగి తెలుగులో, "నర్సుని చేసుకున్నావా, వంటమనిషిని చేసుకున్నావా?" అని నవ్వారు. వదినకి అప్పటికే తెలుగు అర్థమవుతుందని ఆయనకేం తెలుసు? అన్నయ్య మొహం మాడిపోయింది. వదిన మాత్రం ఒక కుర్చీ లాగి బావగారిని కూర్చోబెట్టి, ప్లేటులో ఇంకో గరిటె పులిహోర వేసి, "నో, బావగారూ. మనీలా కాదు. చెప్తాను, వినండి" అని తన ఊరి భూగోళం మొదలుపెట్టింది.

ఆ ఊరు కొండల్లో ఉంది. మైదానంలో బస్సెక్కితే పొద్దంతా మెలికలు తిరిగి తిరిగి పైకి పోవాలి. కడుపులో ఉన్నది నిలవదు. రెండు సెలయేళ్ళు కలిసే చోట చావడీ, బడీ, చర్చీ. అక్కడినుంచి పైకి కొండ కొండంతా మెట్లు మెట్లుగా వరిమళ్ళు. ఒక్కో మడికీ రాతిగోడ. ఆ గోడలు ఏ తాత కట్టాడో ఎవరికీ తెలియదు గానీ, రాయి జారితే ఎవరు ఎత్తిపెట్టాలో అందరికీ తెలుసు. చలి ఎక్కువ కాబట్టి పంట ఏడాదికి ఒకటే. మళ్ళ పైన దేవదారు అడవి, దాని పైన మంచు. తుఫాను రోజుల్లో కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోతే ఉప్పు అయిపోయేదాకా ఎవరూ కంగారు పడరు. ఇదంతా చెప్పేసరికి పులిహోర చల్లారింది. బావగారు లేవబోతే వదిన చరిత్ర ఎత్తుకుంది. స్పెయిన్ సిపాయిలు కొండెక్కి వచ్చారు, ఇళ్ళు తగలబెట్టారు, దిగిపోయారు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ దిగిపోయారు. అమెరికా వాళ్ళు బడీ రోడ్డూ తెచ్చారు. యుద్ధం ఆఖర్లో ఓడిపోతున్న జపాను సైన్యం ఆ అడవుల్లోకే వచ్చి దాక్కుంటే, ఊరివాళ్ళు వదినవాళ్ళ అమ్మమ్మతో సహా గుహల్లో చిలగడదుంపలు తిని బతికారు. "వచ్చిన ప్రతివాడూ మాకు ఏమీ తెలియదనుకున్నాడు. మేం కూడా అలాగే అనుకోనిచ్చాం" అంది వదిన, తీయగా.

అప్పటినుంచి బావగారు ఎక్కడ కనిపించినా సరే, ఆమె కిందటిసారి ఆపిన చోటునుంచి అందుకునేది. పెళ్ళిళ్ళలో, ఉగాది పార్టీల్లో, ఒకసారి గుడిలో తీర్థం లైన్లో కూడా. ఉపన్యాసాలివ్వడమే తప్ప వినడం ఎరగని మనిషి, చేతిలో ప్లేటుతో ఇరుక్కుపోయి, అక్క కోసం దిక్కులు చూడటం నాకు కన్నులపండుగ. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని మనవాళ్ళు ఊరికే అన్నారా? ఒక్క జనాభా దగ్గర మాత్రం బావగారు నెగ్గాననుకున్నారు. "అంతా బానే ఉంది గానీ, మీ ఊరి జనాభా ఎంతమ్మా? ఓ వంద?" అన్నారోసారి.

"ఎవర్ని లెక్కపెట్టమంటారు?" అంది వదిన. "గవర్నమెంటు వాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళనే రాసుకుంటారు. మేం ఇంటి కింద ఉన్నవాళ్ళని కూడా లెక్కపెడతాం."

వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళని దూరంగా వదిలెయ్యరట. ఎముకలని ఇంట్లో నేసిన దుప్పటిలో చుట్టి, గుంజల మీద నిలబెట్టిన ఆ ఇళ్ళ కిందే ఉంచుకుంటారు. ఏ కష్టమో శుభమో వచ్చినప్పుడు బయటికి తీసి, దుమ్ము దులిపి, కబుర్లన్నీ చెప్పి, విందు చేసి మళ్ళీ చుట్టి పెడతారు. బావగారు ప్లేటు పక్కన పెట్టేశారు. "ఛీ, మైల!" అన్నారు. అన్నయ్య మాత్రం, "నన్ను కూడా ఆ లెక్కలో వేయించవోయ్" అన్నాడు ఆమెతో. నవ్వుతూనే అన్నాడు, కానీ వేళాకోళానికి కాదు. ఆఖరి జబ్బులో నా ఎదుటే ఆమె చెయ్యి పట్టుకుని ఇంకోసారి అడిగాడు. "మీ కొండ మీదే పడుకుంటాను" అన్నాడు.

అన్నయ్య పోయిన మర్నాడే బావగారు దిగారు. అన్నయ్యకి ఒక్కతే కూతురు. కూతురు చేయకూడదని తీర్మానించి తనే కర్తగా కూర్చున్నారు. బావమరిదికి బావ కర్మ చేయాలని ఏ శాస్త్రంలో ఉందో ఆయనకే తెలియాలి. అస్థికలు గోదావరికే అన్నారు. వదిన ఒక్కటే అడిగింది, సగం ఇవ్వమని. "పంచుకోవడానికి ఇదేమన్నా పెళ్ళి లడ్డూనా?" అన్నారాయన. తర్వాత అక్కతో తెలుగులో, "కొండజాతి మనిషికి ఇవన్నీ ఏం తెలుస్తాయి" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. వదిన విన్నదని నాకు తెలుసు. నోరు తెరవబోయిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "ఓకే, బావగారూ" అంది. నాకు ఆమె మీద కూడా మండిపోయింది. తర్వాత గదిలోకి పిలిచి చెప్పింది. "మా ఊళ్ళో పోయినవాళ్ళ ముందు గొడవ పడరు, చెల్లీ. వాళ్ళు వింటారు."

ఫ్యూనరల్ హోమ్ నుంచి అస్థికలు ప్లాస్టిక్ డబ్బాలో వచ్చాయి. బావగారు ఇండియన్ స్టోర్‌లో కొన్న రాగి చెంబుని బల్ల మీద పెట్టి ఆమడ దూరం జరిగారు. ఎవరెవరు ముట్టుకున్నారో, మైల డబ్బా తను తాకనన్నారు. చెంబులోకి మార్చి, మూతికి తెల్లగుడ్డ కట్టి ఇస్తే స్నానం చేసి పుచ్చుకుంటారట. ఆ తర్వాత ఏరు చేరేదాకా ముడి విప్పకూడదు, నేల మీద దించకూడదు. మరి మార్చేదెవరు? "ఆవిడ నర్సేగా, అలవాటే" అన్నారు. వదిన తల వంచుకుని డబ్బానీ చెంబునీ పెరట్లోకి తీసుకెళ్ళింది. కాసేపటికి చెంబు ముడి బిగించి తెచ్చి ఇచ్చింది. విమానంలో అంత దూరమూ చెంబుని ఒళ్ళోంచి దించలేదని బావగారు ఇప్పటికీ చెప్పుకుంటారు. నడుంలోతు గోదాట్లో నిలబడి, కళ్ళు మూసుకుని, చెంబు వంపుతున్న ఫొటో అందరికీ పంపారు.

కొన్నేళ్ళ తర్వాత వదిన నన్ను వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. బస్సు గురించి ఆమె అబద్ధం చెప్పలేదు, నా కడుపులో ఏదీ నిలవలేదు. మంచులో తడిసిన మెట్లెక్కి వాళ్ళ పుట్టింటికి చేరాం. వాళ్ళ తమ్ముడు ఇంటి కిందనుంచి ఎర్రచారల దుప్పటి మూట ఒకటి తెచ్చి, చాప మీద మెల్లగా దించాడు. వాళ్ళ నాన్నగారేమో అనుకుని దణ్ణం పెట్టబోయాను. "మీ అన్నయ్యని పలకరించు, చెల్లీ" అంది వదిన. అక్కడే కూలబడి మూట మీద చెయ్యి వేసి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అన్నయ్యా, చలిగా ఉందా అని అడిగినట్టు గుర్తు. కొంచెం తేరుకున్నాక, "మరి ఆ చెంబులో?" అన్నాను.

వదిన కళ్ళు మూసుకుపోయేలా నవ్వింది. శాన్ రామన్‌లో వాళ్ళ పెరట్లో ఇటుకల పొయ్యి ఒకటుండేది. దాని మీద ఆదివారాలు చేపలు కాల్చేది. బావగారు వచ్చినప్పుడల్లా ఆ పొగకి ముక్కు మూసుకుని, కంపు కంపని ఇల్లంతా తిరిగేవారు. "ఆ పొయ్యి బూడిదే" అంది. "బరువు చాలకపోతే గులాబీ కుండీలో ఇసుక కలిపాను. ఆయన ముడి విప్పి చూస్తే దొరికిపోయేదాన్ని. విప్పరని ఆయనే చెప్పారుగా!"

నా నోట్లో నువ్వుగింజ నానదని ప్రతీతి. అలాంటిది ఇన్నేళ్ళూ ఈ మాట దాచాను. చెబితే ఆయన కొండెక్కి మరీ మూట పట్టుకొస్తారని భయం. గోదాట్లో నిలబడ్డ ఫొటోని ఫ్రిజ్ మీద అంటించుకుని, మనసు బాగోని రోజున చూసుకుంటూ గడిపాను. కిందటి చలికాలంలో వదిన వెళ్ళిపోయింది. తననీ దహనమే చేయమంది. ఎందుకో ఈ వసంతంలో తెలిసింది. మేనకోడలు ఆ ఊరినుంచి ఫోన్ చేసి, అమెరికా యాసలో, "అత్తా, ఇద్దర్నీ మిక్స్ చేశాను. అమ్మ అలాగే చెప్పింది. ఒకటే బ్లాంకెట్" అంటూ ఏడ్చింది, నవ్వింది.

కాబట్టి బావగారూ, రాజమండ్రికి బుక్ చేయకండి. మా వదిన అస్థికలు మీకు దొరకవు. అన్నయ్యవి మీకు ఎన్నడూ దొరకలేదు. మీరు ఒళ్ళో పెట్టుకుని మోసింది, కళ్ళు మూసుకుని గోదారమ్మకి ఇచ్చింది, మీరు ముక్కు మూసుకున్న ఆ చేపల పొయ్యి బూడిద. ఇప్పుడు కొండెక్కి వెళ్ళినా ఏది అన్నయ్యో ఏది వదినో వేరు చేయలేరు. మా వదినని నర్సనీ, వంటమనిషనీ, కొండజాతి అనీ మీరన్న ప్రతి మాటకీ ఇది బదులు. చదివేటప్పుడు ఈ పేరా దగ్గర గొంతు కాస్త పెంచండి, వెనకవాళ్ళకి కూడా వినపడాలి.

ఇక మీరు అడిగిన జనాభా సంగతి. కిందటిసారి కంటే ఇద్దరు పెరిగారు. తక్కిన ఊళ్ళ మాటేమో గానీ, అక్కడ కాలం గడిచేకొద్దీ మనుషులు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు.