చెట్టుపాల సూట్లు

నరసాపురంలో మేం కుట్టే సూట్లు మాలో ఎవరమూ తొడుక్కునేవి కావు. ఎక్కడో చలి సముద్రాల్లో ఈదేవాళ్ల కోసం అవి. మెడ నుంచి చీలమండ దాకా ఒంటికి అంటిపెట్టుకునే రబ్బరు తొడుగు. మన ఉక్కపోతలో ఆ షీటు ఒళ్లో పెట్టుకుంటేనే చెమట ధారలు కడుతుంది. ఒకప్పుడు లేసు ఎగుమతి చేసిన షెడ్డే ఇది. లేసుకు గిరాకీ పడిపోయాక ఓనరు గారు ఎక్కడి నుంచో ఈ పని పట్టుకొచ్చారు. లేసు అల్లిన ఆడవాళ్లమే కత్తిరింపుకూ అతుకుకూ మిషను కుట్టుకూ మారాం.

నాది కత్తిరింపు బల్ల, అమ్మది అతుకు బల్ల. ముక్కల అంచులకు గమ్ము రాసి, ఆరనిచ్చి, మళ్లీ రాసి, రెండంచులూ కలిపి నొక్కడం అమ్మ పని. ఆ అతుకు నిలిచాకే పైన కుట్టు పడుతుంది. అప్పట్లో వాడే షీటు పెట్రోలు సరుకుతో తయారైంది. దాని గమ్ము డబ్బా మూత తీస్తే చాలు, ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నా కళ్లు మండేవి. అమ్మకు దగ్గు పట్టుకుంది. సాయంత్రం పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగేవాళ్లం. గట్టెక్కేసరికి అమ్మకు ఊపిరి అందేది కాదు.

నాకసలే కుదురు తక్కువ. పని మానెయ్యమని రోజూ పోరేదాన్ని.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే?" అనేది అమ్మ. నాకు ఒళ్లు మండిపోయేది.

అలాంటి రోజుల్లో కొత్త షీటు వచ్చింది. రబ్బరు చెట్టు పాలతో చేసింది. కొనేవాళ్లు పెట్రోలు రబ్బరు వద్దంటున్నారట. భూమికి మంచిది కాదట. భూమి సంగతి నాకు తెలియదు గానీ, ఆ షీటుతోపాటు వచ్చిన కొత్త గమ్ము మూత తీసి వాసన చూశాను. నీళ్లతో కలిపి చేసిన గమ్ము, పలచటి పిండి వాసన. అక్కడికక్కడే గంతులేయాలనిపించింది.

"ముందు నమూనా సూట్లు చేద్దాం. అవి నిలబడితే ఇంక పాత గమ్ము తెప్పించను" అన్నారు ఓనరు గారు.

"నిలబడకపోతే ఏంటండీ?" అన్నాను.

"ఏం చేస్తామమ్మా, మళ్లీ పాతదే."

సూటు చేతుల్లోకీ కాళ్లల్లోకీ గాలి కొట్టి, చివర్లు బిగించి, నీళ్ల తొట్టిలో ముంచుతారు. అతుకు విడిస్తే బుడగలొస్తాయి. మొదటి సూటుకు బుడగలొచ్చాయి. రెండోదానికి ఇంకా ఎక్కువ. షీటును తిట్టాను, గాలిలో తేమను తిట్టాను, తొట్టిని కూడా తిట్టాను. ఇంకొక్కసారి చూస్తామన్నారు ఓనరు గారు. ఆ సాయంత్రం పంటు మీద కాలుగాలిన పిల్లిలా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. నిలబడి ప్రయాణం చేసేవాళ్లు కూడా విసుక్కున్నారు.

మర్నాడు నా బల్ల వదిలేసి అమ్మ వెనక నిలబడ్డాను. అన్నాలు తిన్నాక అమ్మ గోడవైపు తిరిగి సంచిలోంచి చిన్న సీసా తీసింది. కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె. పైట చాటున గుండెలకు రాసుకుంది. చేతులు కొంగుకు తుడుచుకుని షీటు ముక్క అందుకుంది. అంచున రాసిన గమ్ము పరుచుకోలేదు, చేమాకు మీద నీళ్లలా ముడుచుకుపోయింది. అమ్మ చూసుకోలేదు. పాత గమ్ము ఎంత ఘాటుదంటే నూనె జిడ్డును కూడా కరిగించేసేది. ఈ నీళ్ల గమ్ముకు అంత బలం లేదు. చెట్టు రబ్బరుకూ నూనె పడదని తర్వాత ఓనరు గారు చెప్పారు.

"కొత్త గమ్మొచ్చాక దగ్గు తగ్గిందన్నావు కదా!" అని అరిచాను.

"తగ్గిందన్నాను. పోయిందన్లేదుగా. ఇది రాసుకుంటే సాయంత్రం దాకా ఊపిరాడుద్దే."

నా ముక్కుమీద కోపం షెడ్డంతా వినిపించింది. అబద్ధాలకోరువన్నాను. మూడో సూటు ఇంకెవరైనా అతికిస్తారు, నువ్వు పక్కన కూర్చోమన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. కొత్త గమ్ము ఎంతసేపు ఆరనివ్వాలో మిగతావాళ్లకు ఇంకా చేతికి రాలేదంది. అది నిజమే.

నూనె మానేసింది. గుండెలకే కాదు, తలకు కూడా. పెళ్లయిన దగ్గర్నుంచీ నూనె పెట్టకుండా జడ వేసుకోని మనిషి, కుంకుడుకాయ రసంతో తల రుద్దుకుని, మోచేతుల దాకా కడుక్కుని, పీచులా ఎండిన జుట్టుతో వచ్చి కూర్చునేది. దగ్గొచ్చినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుని, అది ఆగాక మళ్లీ బ్రష్షు పట్టుకునేది. ఆ దగ్గు వింటూ నేను ఒక ముక్క తప్పుగా కత్తిరించాను, ఇంకోటి తిరగేసి కత్తిరించాను. ఓనరు గారు చీవాట్లు పెట్టారు. అమ్మ మాత్రం తలెత్తలేదు.

మూడో సూటును తొట్టిలో ముంచిన రోజు అందరం చుట్టూ మూగాం. బుడగ రాలేదు. గాలి ఇంకా కొట్టమన్నాను, అయినా రాలేదు. నేను వేసిన కేకకు పక్క కొట్టువాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆ మధ్యాహ్నమే పాత గమ్ము డబ్బాలు ట్రాలీ ఆటో ఎక్కి వెళ్లిపోయాయి.

పంటు మీద అమ్మ పక్కన చోటు దొరికింది. ఎప్పటి పాటే మళ్లీ మొదలెట్టాను. "చాలమ్మా. ఇంక పని మానెయ్యి."

"మానేస్తాలే. రేపట్నుంచి రాను" అంది.

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. "మరి ఇన్నాళ్లూ నెత్తీనోరూ కొట్టుకున్నాను కదా. అప్పుడెందుకు మానలేదు?"

"నేను లేస్తే ఆ బల్ల దగ్గర నిన్నే కూచోబెడతానన్నారే ఓనరు గారు. ఆ పాత గమ్ము ముందు నిన్నెలా కూచోనిస్తాను?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ముందే ఎందుకు చెప్పలేదని, పంటు మీద అంతమంది చూస్తుండగా, ఏడుస్తూనే అమ్మను తిట్టాను.