చిక్కుదారిలో చక్కెర పొంగలి

తొంభైలలో ధనుర్మాసం ఉదయాల్లో మా జార్జి టౌన్ భజన గోష్ఠి గుడి చుట్టూ పాడుకుంటూ తిరిగేది. ఆ దారికి మలుపులు ఎన్నున్నా చీలికలు లేవు. కళ్లు మూసుకుని నడిచినా స్వామి దగ్గరికే చేరుస్తుంది. ముందు నడిచే మా పెదనాన్న నిజంగానే కళ్లు మూసుకుని పాడేవారు.

ఒకనాడు ఆ దారి తవ్వేశారని సౌకార్‌పేట సందుల్లోకి మళ్లాం. అక్కడ ప్రతి మూలా దారి మూడుగా చీలుతుంది. చుట్టుదారికి కాళ్లు చాలు, చిక్కుదారికి బుర్ర కావాలి. మేం తాళాలు మాత్రమే తెచ్చుకున్నాం. తిరిగి తిరిగి మళ్లీ అదే పాలకొట్టు ముందు తేలాం.

ఆరగింపుకు తీసుకెళ్లే చక్కెర పొంగలి గిన్నె మా అత్త నెత్తిన ఉంది. వేళ దాటితే తెర వేసేస్తారు. కానీ హారతి అయ్యేదాకా పాటే తప్ప మాట కూడదని గోష్ఠి నియమం. అత్త ఇక ఆగలేక పాలకొట్టాయన వైపు తిరిగి భజన రాగంలోనే ఎత్తుకుంది: "గుడి యాడుందన్నా, చెప్పన్నా!"

ఎవరు ఎత్తుకున్నా అందుకోవడం మా అలవాటు. తాళాలు వాయిస్తూ అందరం అందుకున్నాం: "గుడి యాడుందన్నా, చెప్పన్నా!"

పాలకొట్టాయన భక్తిగా చెంపలు వేసుకుని, అదే రాగంలో జవాబిచ్చాడు: "ఎడం పక్క పొండన్నా, ఆడే ఉండాదన్నా!"

ఆయన నోట పలికించింది స్వామేనని నా నమ్మకం. అందుకే ఆ జవాబునీ పాడుకుంటూ నడిచి, "ఎడం పక్క పొండన్నా" అని పాడుకుంటూనే గుడిలో అడుగుపెట్టాం.

తెర సగం లాగిన అర్చకులు ఆగి విన్నారు. "ఎడం పక్క వంటశాల గదమ్మా ఉండేది! ముందు ఆ గిన్నె ఇట్లా తే, వేళయిపోతా ఉండాది!"