ఏడో పీపా

ఇర్మాకి ముక్కు పోయిన సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ముక్కు ఉన్నచోటే ఉంది, ఎర్రగా, కాస్త వంకరగా. పోయింది వాసన. ఫిబ్రవరిలో ఊళ్ళో సగం మందిని మంచాన పడేసిన జ్వరం ఆమెనీ పట్టి వదిలింది. లేచిన రోజు పొద్దున కాఫీ కప్పు మొహం దగ్గరికి తెచ్చుకుంటే వేడి తగిలింది గాని వాసన తగల్లేదు. ఉల్లిపాయ కోసి చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, అంతే. బట్టల పెట్టెలోని కలరా ఉండల్ని ముక్కులో దూర్చుకున్నంత పని చేసింది. ఊహూఁ.

ఇంకొకరికైతే అది చిన్న బాధే. డెబ్బై నాలుగేళ్ళ ఇర్మా బతుకంతా ఆ ముక్కు మీదే నడిచింది.

ఆమె స్ట్రాబెర్రీలు పండించే ఇంటి పిల్ల. ఇరవై రెండో ఏట గుస్ట్‌ని చేసుకుని, బ్రస్సెల్స్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఈ ఊరి కేఫ్‌లోకి అడుగుపెట్టింది. కింద నేలమాళిగలో పీపాలు, పైన నాలుగు బల్లలు, వెనక వంటిల్లు. బీరు కాచేవాడు వేరే ఉన్నాడు. చలికాలంలో అతను గోధుమా బార్లీ ఉడికించిన తీపి నీళ్ళని రాత్రంతా మూత లేకుండా పెట్టి, ఊరి గాలి పట్టించి తెచ్చిస్తాడు. దాన్ని పీపాల్లో నింపి పులియబెట్టడం, ఏడాదిదీ రెండేళ్ళదీ మూడేళ్ళదీ కలిపి సీసాల్లో పోయడం ఈ ఇంటి పని. పీపాలో ఉన్నంత కాలం దాని పేరు లాంబిక్, కలిపి సీసాలో పోస్తే గ్యోజ్. ఏ పీపాలోంచి ఎంత పోయాలన్నది ఎక్కడా రాసి ఉండదు, ముక్కు చెప్పాలి. మామగారు ఆరు నెలలు ఇర్మాని గమనించి, ఈ పిల్ల ముక్కు ముందు నా ముక్కు దేనికీ పనికిరాదని ఒప్పేసుకున్నాడు. అప్పట్నించీ పీపాలు దొర్లించడం, నింపడం గుస్ట్ వంతు. కలపడం ఆమె వంతు. సీసా మీద పేరు మాత్రం గుస్ట్‌దే ఉండేది. దానికి ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు గాని, అప్పుడప్పుడూ దెప్పడం మానలేదు.

ఇప్పుడు గుస్ట్ లేడు. మూడేళ్ళ కిందట జనవరిలో ఏడో పీపా తన చేతులతో నింపి, బిరడా బిగించి, ఏప్రిల్లో పోయాడు. ఈ ఏడు కలపాల్సిన పీపాల్లో మూడేళ్ళది అదొక్కటే. అది బాగుంటే ఈ ఏటి గ్యోజ్‌లో గుస్ట్ చెయ్యి ఉంటుంది. పుల్లనీళ్ళుగా మారి ఉంటే కాలవలో పారబోసి, మూడేళ్ళదాని కోసం పక్కూరి వాళ్ళ గుమ్మం ఎక్కాలి. ఇర్మాకి నిద్ర పట్టనిది ఆ గుమ్మం గురించి కాదు. గుస్ట్ ఆఖరి పీపాని, అది మంచిదో చెడ్డదో తెలియకుండా, తన చేత్తో పారబోస్తానేమోనని.

ఎవరికైనా చెప్పుకోవచ్చు కదా అంటే, ఆమె తిట్టినా పడుతుంది గాని ‘పాపం’ అంటే పడదు. ఊళ్ళో ముక్కులకేం కరువు, అరువు తెచ్చుకుంటే సరి అనుకుంది.

ముక్కులు ప్రతి ఆదివారం వాటంతట అవే నడిచొచ్చేవి. చర్చిలో పూజ కాగానే పదకొండింటికి ముగ్గురు రసికులు కిటికీ పక్క బల్ల దగ్గర చేరేవారు. వాళ్ళకి పెద్ద ఒడిలోన్ మాస్టారు. నలభై ఏళ్ళు లాటిన్ చెప్పి రిటైరయ్యాడు. ఆయన గ్లాసు వాసన చూసి కుడి కనుబొమ్మ లేపితే అది మంచి బీరు, పెదవి విరిస్తే దాని పని అయిపోయినట్టే. రెండోవాడు కామిల్, బ్రస్సెల్స్‌లో మందుల షాపు ఉంది. పుస్తకమూ రెండు పెన్నులూ లేకుండా గుక్క మింగడు. తడిసిన గడ్డి, మేక మెడ, పంపరపనస తొక్క, అమ్మమ్మ నేలమాళిగ, ఇలా వాసనలన్నిటికీ పేర్లు పెట్టి రాసుకుంటాడు. ఒకసారి ఇర్మా ఒకే పీపాలోది రెండు కూజాల్లో పోసిస్తే, రెంటికీ మధ్య నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉందని మూడు పేజీలు రాశాడు. మూడోవాడు స్టాన్, బస్సు డ్రైవరు. చిన్నప్పుడు గుస్ట్ గుర్రబ్బండి ఎక్కి బడికి వెళ్ళినవాడు. మాట్లాడడు. నల్ల రొట్టె మీద తెల్ల జున్నూ ముల్లంగి ముక్కలూ పరుచుకుని తింటూ, తాగుతూ, మిగతా ఇద్దరి వాదన వింటూ ఉంటాడు.

మార్చి మొదటి ఆదివారం ఇర్మా వాళ్ళకో ఆట పెట్టింది. వారానికి రెండు పీపాల్లోంచి తెస్తాననీ, నంబరు చెప్పననీ, ఏది నిలుస్తుందో ఏది పోతుందో చెప్పమనీ అంది. ముగ్గురూ ఎగిరి గంతేశారు. తమ నోటి రుచికి ఇంత పెద్దపీట ఎవరూ వెయ్యలేదు మరి. వాళ్ళు తగువులాడుతుంటే ఆమె గ్లాసులు తుడుస్తున్నట్టు నటిస్తూ మాస్టారి కనుబొమ్మనే చూసేది. తర్వాత కిందికి దిగి పీపా మీద సుద్దముక్కతో గీత పెట్టేది. నిలువు గీత అంటే మంచిది, అడ్డగీత అంటే చెడ్డది.

ఆ ఇంట్లో ఓ పద్ధతి ఉంది. కూజా బల్ల మీదికి రాగానే మొదటి గుక్క ఇంటివాళ్ళు తాగాలి, తర్వాతే అతిథులు. మామగారి నాటి నుంచీ అంతే. కాబట్టి ఇర్మా ప్రతిసారీ నిలబడి, అందరూ చూస్తుండగా ఓ గుక్క వేసేది. నాలికకి పులుపు తెలిసేది, అంతకు మించి ఏమీ తెలిసేది కాదు.

ఐదు ఆదివారాలు పోయేసరికి తీర్పులన్నీ వచ్చేశాయి. మెట్ల పక్కనున్న నాలుగో పీపా అమృతం. ఉత్తరపు గోడ వారనున్న ఏడోది చచ్చింది. దాన్ని మాస్టారు వాసన చూసి, పెదవి విరిచి, లాటిన్లో ఏదో అన్నాడు. కామిల్ తలాడించి, సలాడ్‌లో పోసుకునే వెనిగర్ అని రాసుకున్నాడు. స్టాన్ గ్లాసు మాత్రం ఖాళీ అయింది గాని, అతనిది ఎప్పుడూ ఖాళీ అవుతుంది కదా అని ఇర్మా పట్టించుకోలేదు.

చెడిన పీపాని మంచివాటి మధ్య ఉంచకూడదు. గురువారం పొద్దున ఏడోది కాలవలోకి పోతుందని ఆమె అందరికీ వినపడేలా చెప్పేసి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. అక్కడ ఆమె ఆడపడుచు సిడోనీ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. గుస్ట్‌కి అక్క, ఎనభై దాటింది. ఆ ఇంట్లో పుట్టి ఒక్క చుక్క నోట పెట్టని మనిషి. బీరంతా కంపే అనేది ఆమె అభిప్రాయం. ఉల్లిపాయలు లేకుండానే ఏడుస్తున్నావేం అని మాత్రం అడిగింది.

గురువారం పది గంటలకి ఇర్మా సుత్తి పట్టుకుని కిందికి దిగబోతుంటే, ఒడిలోన్ మాస్టారు సైకిలు గోడకి ఆనించి, రొప్పుతూ లోపలికి వచ్చాడు. టోపీ తియ్యలేదు. ఆమె వెనకాలే మెట్లు దిగి, ఏడో పీపాకి అడ్డంగా నిలబడ్డాడు.

“పారబొయ్యకమ్మా,” అన్నాడు.

“మీరే కదా మాస్టారూ పెదవి విరిచింది?”

“విరిచాను. నాకు వాసన తెలీదు. ఫిబ్రవరి జ్వరంలో పోయింది. ఎవరితోనూ చెప్పుకోలేక, నీ మొహం చూసి చెప్తూ వచ్చాను. మొదటి గుక్క నీదే కదా. నువ్వు మొహం చిట్లిస్తే నేను పెదవి విరిచేవాణ్ణి, నీ మొహం విచ్చుకుంటే నేను కనుబొమ్మ లేపేవాణ్ణి. ఈ ఊళ్ళో నీ ముక్కుని మించింది లేదు కదా, ఎటూ తప్పు పోదనుకున్నాను. కానీ గుస్ట్ పీపా విషయంలో నా మనసొప్పట్లేదు. ఇంకోసారి చూడు.”

ఇర్మా సుత్తి కింద పెట్టి, మెట్టు మీద కూలబడింది. ఆమెకి ముందు ఒళ్ళు మండింది. తర్వాత కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వు చూసి మాస్టారికి మతిపోయింది.

“నాకూ పోయింది మాస్టారూ,” అంది చివరికి. “అదే జ్వరం. నేను మీ కనుబొమ్మ చూసి సుద్దగీతలు పెడుతున్నా.”

“మరి ఆ చిట్లింపు?”

“పన్ను. ఎడం పక్క దవడపన్ను పుచ్చింది. చల్లటిది తగిలితే ప్రాణం పోతుంది.”

ఏడో పీపా ఉత్తరపు గోడకి ఆనుకుని ఉంది, నేలమాళిగలో అన్నిటికంటే చల్లటి చోటు అదే. నాలుగోది మెట్ల పక్కన, పైన పొయ్యి వేడి దిగే చోట ఉంది. నాలుగోది తాగినప్పుడు పన్ను లాగదు గనక ఆమె మొహం విచ్చుకునేది. ఆ సుఖాన్ని మాస్టారు బీరు గొప్పతనం అనుకున్నాడు, కామిల్ దానికి రెండు పేజీలు రాశాడు. ఒక పుచ్చుపన్ను ఐదువారాలు ముగ్గురు రసికుల్ని ఆడించిందన్నమాట. లాటిన్ మాస్టారూ, ఊళ్ళోకెల్లా గొప్ప ముక్కూ పక్కపక్కన మెట్ల మీద కూచుని కళ్ళు తుడుచుకునేంత నవ్వారు. నవ్వయ్యాక ఇద్దరికీ భయం వేసింది. మనుషులు ఇద్దరున్నారు, ముక్కు ఒక్కటీ లేదు. పీపా మంచిదో చెడ్డదో ఎవరు చెప్తారు?

అప్పుడు ఇర్మా తలెత్తి సాలెగూళ్ళ వంక చూసింది.

ఆ నేలమాళిగలో సాలెగూళ్ళు దులపకూడదు, అది మామగారు పెట్టిన కట్టడి. పుల్లబడ్డ పీపా ఎక్కడుంటే చిన్న ఈగలు అక్కడ మూగుతాయి, ఈగలున్నచోటికి సాలీళ్ళు కాపురం మార్చుకుంటాయి. అవి లేకపోతే ఈగలు చెడిన పీపా మీంచి మంచి పీపా మీద వాలి దాన్నీ చెడగొడతాయి. పెళ్ళయిన కొత్తలో ఇర్మాకి నేర్పిన మొదటి పాఠం అది. ఐదు వారాలుగా మనుషుల మొహాలు చూస్తూ ఆమె ఆ పాఠమే మర్చిపోయింది.

ఏడో పీపా పైన ఒక పాత గూడు దుమ్ము పట్టి, ఖాళీగా, ఓ పక్కకి వేలాడుతోంది. నాలుగోదాని పైన మూడు కొత్త గూళ్ళు. నిండా ఈగలు. వాటి మధ్య బలిసిన సాలీళ్ళు, సుద్దతో గీసిన నిలువు గీతకి సరిగ్గా పైన.

ఇర్మాకి ఇంకా నమ్మకం కుదరలేదు. సాలీళ్ళ మాటే అయినా ఒక ముక్కు సాక్ష్యం చెప్పాలి. నాలుగోదీ ఏడోదీ రెండు గ్లాసుల్లో పోసుకుని వంటింట్లోకి నడిచింది, వెనక మాస్టారు టోపీ చేత్తో పట్టుకుని నడిచాడు.

“వదినా, తాగక్కర్లేదు. ఒక్కసారి వాసన చూసి చెప్పు చాలు.”

సిడోనీ కత్తి పక్కన పెట్టి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, నాలుగోదాని దగ్గరికి మొహం తెచ్చి వెనక్కి లాక్కుంది. దీంతో కిటికీ అద్దాలు తుడుచుకోవచ్చు అంది. ఏడోదాని దగ్గర మొహం లాక్కోలేదు. ఇంకోసారి పీల్చింది. గుమ్మం బయట కొక్కేనికి ఇంకా వేలాడుతున్న గుస్ట్ కోటు వంక చూసింది.

“కోటు ఉతికావా ఏంటే? ఇది మా తమ్ముడి చలికోటు వాసన. గుర్రమూ, గడ్డీను. వర్షంలో తడిసొచ్చినప్పుడు వంటిల్లంతా ఇదే వాసన ఉండేది.”

ఇర్మా ఆ గ్లాసు తీసుకుని ముక్కు కిందే చాలాసేపు పెట్టుకుంది. ఏమీ రాలేదు. గుస్ట్ అంత దగ్గరగా ఉండి కూడా ఆమెకి అందలేదు. మాస్టారు గోడ మీది కేలండరు చదవడం మొదలుపెట్టాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని ఇద్దరూ అప్పటికప్పుడు ఒట్టు పెట్టుకున్నారు. సిడోనీ మాత్రం, ఇందులో చెప్పుకునేంత ఏముంది గనకా అని మళ్ళీ దుంపలు అందుకుంది.

నాలుగోది శుక్రవారమే కాలవలో కలిసింది.

ఆదివారం కేఫ్‌లో రొట్టే, ముల్లంగీ, కామిల్ రెండు పెన్నులూ వాటి వాటి చోట్ల ఉన్నాయి. ఇర్మా ఏడోదాంట్లోంచి కూజా నింపి తెచ్చి, అందరికీ పోసి, తన గ్లాసు ఎత్తింది. ముగ్గురి కళ్ళూ ఆమె మొహం మీదే ఉన్నాయి. అలవాటు అలాంటిది. ఆమె చక్కగా వెనక్కి తిరిగి, గోడ వైపు మొహం పెట్టి మొదటి గుక్క వేసింది.

“ఇవాళ నా మొహానికి సెలవు,” అంది అటు తిరిగే. “మీ నోళ్ళతో మీరు తాగండి.”

కామిల్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. మాస్టారి వైపు చూశాడు. మాస్టారు ముందే అనుకున్న ప్రకారం టోపీ ముక్కు దాకా దించుకుని కూచున్నాడు. చూడ్డానికి ఒక్క మొహమూ దొరక్క కామిల్ గ్లాసులోకి చూశాడు, ముప్పై ఏళ్ళ రసికత్వంలో బహుశా మొదటిసారి. వాసన పీల్చాడు. పెన్ను గాల్లోనే ఆగిపోయింది. పుచ్చుపన్ను జివ్వుమంటుంటే ఇర్మా గోడకి వేసిన సున్నం చూస్తూ నిలబడింది.

స్టాన్ గ్లాసు సగం ఖాళీ చేసి, కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు. మళ్ళీ ఎత్తి వాసన చూశాడు. మళ్ళీ కింద పెట్టాడు.

“ఇర్మక్కా,” అన్నాడు. “గుస్టన్న గుర్రం పేరేంటి?”

ఆమె వెంటనే ఇటు తిరగలేదు. తిరిగితే కళ్ళల్లో నీళ్ళకి పన్ను నొప్పి అని చెప్పుకోవాల్సొచ్చేది.

“బ్లెస్,” అంది.

కామిల్ పుస్తకంలో ఆ ఆదివారం పేజీలో ఆ ఒక్క మాటే ఉంది.